డాక్టరు పక్కన ఎవరు?

వైద్య కళాశాల అనగానే అందరికీ ఎంబీబీఎస్సే గుర్తొస్తుంది. అదే ఆవరణలో, అవే వార్డుల్లో నేర్పే చదువులు ఇంకా చాలా ఉన్నాయి. మరోసారి లాంగ్‌టర్మ్‌ ఫీజు కట్టేముందు వాటి సంగతీ ఓసారి చూడాలి.

గుండెను ఆపి చేసే బైపాస్‌ ఆపరేషన్‌ అది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తెలిసింది ఒకే ఒక్క పేరు... సర్జన్‌గారిది. లోపల మాత్రం చాలామందే ఉన్నారు. రోగి తలవైపు మత్తు డాక్టరు. ఆయన పక్కనే, అడగకముందే గొట్టాలూ మందులూ సిద్ధంచేసే అనస్థీషియా టెక్నాలజిస్టు. ఒక్కో పరికరాన్నీ లెక్కపెట్టి ఇచ్చి, మళ్లీ లెక్కపెట్టి తీసుకునే నర్సు. కాస్త ఎడంగా, పెద్ద యంత్రం ముందు ఇంకొకామె. గుండె ఆగిపోయాక ఒళ్లంతా రక్తాన్ని తిప్పేది ఆ యంత్రమే. రక్తం ఎంత వేగంగా వెళ్లాలి, అందులో ఆక్సిజన్‌ ఎంతుండాలి, ఒంటి వేడి ఎంతకు తగ్గాలి... అన్నీ ఆమె చూసుకుంటోంది. అంతసేపూ ఆ రోగి గుండే, ఊపిరితిత్తులూ ఆమె చేతిలో ఉన్నట్టే!

ఆమె పెర్‌ఫ్యూజనిస్టు. ఎంబీబీఎస్‌ చదవలేదు. కానీ చదివింది మాత్రం వైద్య విద్యే.

జూన్‌ నెల దిగులు

నీట్‌ ఫలితాలొచ్చిన వారం బైపీసీ పిల్లలున్న ఇళ్లల్లో అన్నం సరిగా దిగదు. ‘ఇంకో ఏడాది చూద్దాం’ అంటాడు నాన్న. ‘మా పిన్ని కొడుక్కి మూడోసారి వచ్చిందిగా’ అంటుంది అమ్మ. అమ్మాయి ఏమీ అనదు. మర్నాడు హాస్టల్‌కి పెట్టె సర్దుకుంటుంది.

2025లో దేశవ్యాప్తంగా నీట్‌ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. అర్హత సాధించినవాళ్లు 12 లక్షలకుపైనే. ఎంబీబీఎస్‌ సీట్లేమో సుమారు 1.2 లక్షలు. అందులోనూ ప్రభుత్వ ఫీజుతో చదవగలిగేవి కొన్నే. ‘మా వాడు నీట్‌ క్వాలిఫై అయ్యాడు’ అని స్వీట్లు పంచిన ఇళ్లలో చాలావాటికి ఆ ముచ్చట కౌన్సెలింగ్‌ దాకానే. ఎన్నిసార్లయినా రాయొచ్చు, వయసుకీ పైపరిమితి లేదు. మంచిదే. కానీ ఆ వెసులుబాటే కొందరు పిల్లల్ని మూడేళ్లూ నాలుగేళ్లూ ఒకే పుస్తకం ముందు కూర్చోబెడుతోంది.

సీటొచ్చిన వాళ్ల దారి మాత్రం తక్కువదా? నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ. ఆపైన ఎండీ లేదా ఎంఎస్‌ మూడేళ్లు. గుండె డాక్టరో మెదడు డాక్టరో కావాలంటే డీఎం, ఎంసీహెచ్‌ ఇంకో మూడేళ్లు. పద్దెనిమిదో ఏట చేరినవాళ్లు బయటికొచ్చేసరికి ముప్ఫై దాకా వస్తాయి. మధ్యలో ప్రవేశ పరీక్షలకు చదువుకునే ఏడాదులు కలపకుండానే! మొదటి ఏడాదిలోనే ఊళ్లలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం గమనించాలి. పీజీలో చేరాక జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేయాలి. ఇష్టంతో వెళ్లేవాళ్లకు ఇదంతా గొప్ప చదువు. నాన్న కోసమో, చుట్టాల కోసమో వెళ్లేవాళ్లకు పన్నెండేళ్లంటే మాటలా?

పాత తరానికి ఇందులో వింతేం లేదు. ‘ఎల్‌ఎంపీ డాక్టరు’ అన్న బోర్డు చూసిన తాతయ్యలు ఇప్పటికీ ఉన్నారు. అప్పట్లో మెడికల్‌ స్కూలు వేరు, మెడికల్‌ కాలేజీ వేరు. స్కూల్లో చదివితే ఎల్‌ఎంపీ, కాలేజీలో చదివితే డిగ్రీ. దేశమంతటికీ ఒకేరకం డాక్టరు చాలని 1946లో భోర్‌ కమిటీ చెప్పింది. ఆ మెట్టు అలా పోయింది. డాక్టరు చుట్టూ పనిచేసేవాళ్ల చదువులు మాత్రం ఆ తర్వాత పెరుగుతూనే వచ్చాయి.

ఒకే గొడుగు కింద

విశాఖలో 1923 నాటి ఆంధ్రా మెడికల్‌ కాలేజీ, హైదరాబాద్‌లో 1846లో మొదలైన వైద్య పాఠశాల నుంచి ఎదిగిన ఉస్మానియా, గుంటూరు, కాకినాడ, వరంగల్‌, తిరుపతి... ఇవన్నీ ఎంబీబీఎస్‌కి పేరుమోసినవే. ఇలాంటి కళాశాలల పరీక్షలూ పట్టాలూ చూడటానికి 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. అదే ఇప్పటి ఎన్టీఆర్‌ వర్సిటీ. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వరంగల్‌లో కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఎంబీబీఎస్‌ పట్టాలే కాదు, నర్సింగ్‌, ఫిజియోథెరపీ, ల్యాబ్‌, అనస్థీషియా, డయాలసిస్‌, ఇమేజింగ్‌ లాంటి కోర్సుల పట్టాలూ ఈ వర్సిటీలే ఇస్తాయి. అయితే అన్ని కాలేజీల్లో అన్ని కోర్సులూ ఉండవు.

ల్యాబ్‌ సంగతే చూడండి. సన్నసూదితో బలవంతంగా రక్తం లాగితే కణాలు పగిలిపోతాయి. లోపలున్న పొటాషియం బయటికొస్తుంది. రిపోర్టులో ప్రమాదకరమైన అంకె కనిపిస్తుంది. రోగికి ఏమీ కాలేదు, తప్పంతా సూదిది! ఆ నమూనా చూడగానే ‘ఇది పనికిరాదు, మళ్లీ తీయండి’ అని చెప్పాల్సింది ల్యాబ్‌ టెక్నాలజిస్టే. చెప్పకపోతే లేని జబ్బుకు మందు పడుతుంది. బీఎస్సీ ఎంఎల్‌టీలో నేర్పేది మీటనొక్కడం కాదు, ఈ వివేచన.

డయాలసిస్‌ మరో ఉదాహరణ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటల మధ్య ఊళ్లకు ఊళ్లే కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న సంగతి తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ ప్రారంభించారు. భవనం, యంత్రాలూ ఉంటే సరిపోదు. డయాలసిస్‌ అంటే ఒక్కోసారికి నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. ఒక్కసారికే వంద లీటర్లకు పైగా శుద్ధిచేసిన నీరు కావాలి. నీటిలో తేడా వస్తే అది నేరుగా రోగి రక్తం మీదే ప్రభావం చూపుతుంది. నీటిని పరీక్షించడం, యంత్రాన్ని సిద్ధంచేయడం, మధ్యలో బీపీ పడిపోతే వెంటనే గుర్తించడం టెక్నీషియన్‌ పని. ఏళ్ల తరబడి వారంవారం వచ్చే రోగికి పెద్ద డాక్టరు కన్నా ఈ మనిషే ఎక్కువ తెలుసు.

ఎక్స్‌రే, సీటీ స్కాన్ల దగ్గర పనిచేసేవాళ్లు ఛాతీ మీద చిన్న బ్యాడ్జి పెట్టుకుంటారు. అది అలంకారం కాదు, తమ ఒంటికి ఎంత రేడియేషన్‌ తగిలిందో లెక్కచెప్పే పరికరం. కళ్లజోడు అంకె దగ్గర్నుంచి కంటి లోపాల వరకూ చూసే ఆప్టోమెట్రీ ఇంకో దారి. హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలో అది ఉంది, ప్రజారోగ్యంలో ఎంపీహెచ్‌ కూడా ఉంది. ఆసుపత్రి నడపడమే నేర్చుకోవాలంటే నిమ్స్‌లో హాస్పిటల్‌ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్‌ ఉంది. ఇక 108... హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవతోనే అంబులెన్సులో శిక్షణ పొందిన మనిషి ఉండాలన్న సంగతి మనకు బాగా తెలిసొచ్చింది.

నర్సింగ్‌ని కేరళ అమ్మాయిల చదువనుకునే రోజులు పోయాయి. బీఎస్సీ నాలుగేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు. ఐసీయూ కోసం నర్స్‌ ప్రాక్టీషనర్‌ అని రెండేళ్ల పీజీ ఉంది. తెలంగాణలో 2017లో ఎంపికచేసిన నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. అనవసర సిజేరియన్లు తగ్గించాలంటే పక్కన కూర్చుని ధైర్యంచెప్పే చేయి కావాలిగా మరి!

తీపి కబుర్లే కాదు

ఈ చదువుల్లో చిక్కులూ ఉన్నాయి. అవి దాచి చెప్పడం పిల్లలకు మేలు చేయదు. మొదటి ఉద్యోగంలో జీతం చాలాచోట్ల చిన్నదే. నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లకీ, రెండేళ్ల డిప్లొమా వాళ్లకీ ఒకే జీతమిచ్చే ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. రాత్రి డ్యూటీలు తప్పవు. ప్రభుత్వ ఉద్యోగాలు తరచూ కాంట్రాక్టు పద్ధతిలోనే పడతాయి. ఇంకో మాట... ఇవి చదివి, తర్వాత మధ్యలో ఎంబీబీఎస్‌లోకి దూకే దారి లేదు. కావాలంటే మళ్లీ నీట్‌ రాయాల్సిందే. పెళ్లిచూపుల్లో ‘డాక్టరా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి రావడం కూడా చిన్న బాధేం కాదు!

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది బోర్డుల దగ్గర. ‘ఆర్నెల్లలో పారామెడికల్‌... ఉద్యోగం గ్యారంటీ’ అనే బోర్డులు బస్టాండు గోడల మీద కొదవలేదు. 2021లో పార్లమెంటు ఈ వృత్తుల కోసం ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం డిప్లొమాకైనా కనీసం రెండేళ్లు, 2,000 గంటల శిక్షణ ఉండాలి. డిగ్రీ స్థాయికి కనీసం మూడేళ్లు, 3,600 గంటలు. ఆ తర్వాత రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. ఆర్నెల్ల సర్టిఫికెట్‌ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నర్సింగ్‌కి వేరే కౌన్సిల్‌ ఉంది, కాలేజీకి దాని గుర్తింపు ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు భవనం కాదు, ఆసుపత్రి చూడాలి. పడకల మీద రోగులున్నారా? ఆపరేషన్లు జరుగుతున్నాయా? డయాలసిస్‌ కోర్సుంటే యంత్రాలు ఎన్ని, రోజుకి ఎంతమందికి చేస్తున్నారు? పై తరగతి పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకుని అడిగితే అరగంటలో అంతా చెబుతారు. అమ్మాయినో అబ్బాయినో ఓ పూట ఏదైనా పెద్దాసుపత్రి వార్డులో తిప్పితే ఇంకా మంచిది. ఆ వాసన, ఆ ఏడుపులు, ఆ హడావిడి భరించగలరో లేదో అక్కడే తేలిపోతుంది. ఎంబీబీఎస్‌కి కూడా ఈ పరీక్ష పెట్టాల్సిందే. మనం పెట్టం, నీట్‌ మార్కులు చూసి ఊరుకుంటాం.

ఈ కోర్సుల నోటిఫికేషన్లు ఎంబీబీఎస్‌తో కలిపి రావు. విడివిడిగా ఇస్తారు. కొన్నింటికి ప్రవేశ పరీక్ష, కొన్నింటికి ఇంటర్‌ మార్కులు. పద్ధతి ఏటా మారుతుంటుంది కాబట్టి నిరుడు చేరినవాళ్ల మాట కాకుండా ఈ ఏటి ప్రకటనే చదవాలి. నీట్‌ కౌన్సెలింగ్‌ చివరి విడత దాకా ఆగి, ఆ తర్వాత వీటికోసం వెతికితే మంచి కాలేజీల్లో సీట్లు అప్పటికే నిండిపోవచ్చు. దరఖాస్తు చేసిపెట్టుకుంటే పోయేది ఆ ఫీజొక్కటే.