బ్రతికిన చేపలను పట్టుట, మోయుట, అమ్ముట

మృగశిర కార్తె ప్రవేశించగానే మన ప్రాంతమున చేపకు గిరాకి హెచ్చును. చెఱువులకు క్రొత్త నీరు చేరునదియు, ఆ నీటికి చేప గ్రుడ్లు పెట్టుటకై యెదురెక్కునదియు నించుమించుగ ఆ దినములలోనే. తినువాని కోరికయు, తల్లి చేప ప్రసవమును ఒక్క ఋతువున కలిసి వచ్చుటచేత, చేపలను గూర్చి కర్షకులు తెలిసికొనవలసిన విషయములలో పెక్కు ఈ కాలమునకే చెందియున్నవి. చచ్చిన చేపను కొన్నవాడు వండుకొనును. వ్యవహారము అంతటితో ముగియును. బ్రతికిన చేపను ఒక నీటినుండి మఱియొక నీటికి కొనిపోయినచో, దానితో గూడ ఆ నీరును, అందలి పేలును, రోగములును, పేరు తెలియని పిల్లలును పోవును. కావుననే దీనికి ప్రత్యేకముగ కట్టుబాట్లు కావలసివచ్చినవి.

మన కొత్తగూడెము పరిసరములలో బ్రతికిన చేపల బేరము మూడు విధములుగ నున్నది. చెఱువులలో విడుచుటకై తెచ్చు పిల్లలు మొదటిది. గాలి పీల్చు జాతులగు కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి మొదలగువానిని తడి గోనెలలోను డ్రమ్ములలోను తెచ్చి ప్రాణముతో అమ్ముట రెండవది. మూడవది చిన్నది, ఎవరును లెక్కింపనిది: వాలుగకును కొర్రమట్టకును గాలము వేయువారు ఎరకొఱకు కుండలో తీసికొనిపోవు పరకలు, బుడ్డచేపలు. సాయంకాలమునకు మిగిలిన యెరను కుండ నీటితో సహా ఎదుటనున్న మడుగులో కుమ్మరించి యింటికి పోవుట అలవాటు.

ఈ మూడవ బేరము చిన్నదని త్రోసివేయరాదు. అమెరికా ఉత్తర సీమలలో శీతకాలమున సరస్సులు గడ్డకట్టును. అక్కడివారు ఆ మంచుగడ్డకు రంధ్రము తొలిచి, బ్రతికిన చిన్న చేపను ఎరగా గ్రుచ్చి పెద్ద చేపలను పట్టుదురు. మనకిది వింతగా తోచును గాని, వారి చిక్కును మన చిక్కును ఒక్కటియే. 2005 ప్రాంతమున అక్కడి మహా సరస్సులలో చేపలకు రక్తస్రావము కలిగించు నొక విషజ్వరము బయలుపడగా, బ్రతికిన చేపలను ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు కొనిపోవుటపై 2006లో ఆ దేశ ప్రభుత్వము నిర్బంధములు విధించెను. మిన్నెసోటా రాష్ట్రమున బయటినుండి బ్రతికిన యెరచేపలను తెచ్చుట నిషిద్ధము. సరస్సు విడిచి పోవునపుడు పడవలోని నీటిని పాఱబోసి పోవలెను. ఎరకుండ యెంతపని చేయునో వారు నష్టపడి తెలిసికొనిరి.

మన దేశమునకును అట్టి అనుభవము లేకపోలేదు. 1988లో ఈశాన్య భారతమున కనబడిన పుండ్ల వ్యాధి కొన్ని సంవత్సరములలోనే దేశమున పెక్కు ప్రాంతములకు వ్యాపించెను. ఒడలు ఎఱ్ఱబాఱి, పుండు లోతుకు తొలుచుకొనిపోవు ఈ వ్యాధికి కొర్రమట్ట మిక్కిలి సులభముగ లోబడును. 1952లో తెచ్చిన తిలాపియా సంగతియు నిట్టిదే. ఒక చెఱువున విడిచినది పొరుగు చెఱువులకు ప్రాకి, విపరీతముగ పిల్లలు పెట్టి, బొచ్చె రోహులకు తిండి లేకుండ చేసినది.

ఇక చట్టముల సంగతి. గోదావరికి ఆవలి భద్రాచలము పూర్వము మదరాసు రాజ్యమున నుండెను. ఈవలి కొత్తగూడెము నిజాము రాజ్యమున నుండెను. ఆ వైపున 1897 నాటి భారత మత్స్య చట్టమును, ఈ వైపున 1356 ఫసలీ నాటి హైదరాబాదు మత్స్య చట్టమును నడచినవి. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లా అయ్యెను. నీటిలో తోటా ప్రేల్చి చేపలను చంపినవానికి 1897 చట్టము మొదటనే రెండు నెలల ఖైదు గాని రెండువందల రూపాయల జరిమానా గాని విధించినది. విషము కలుపుటయు దానియందే నేరము. మంగకాయ, కాకమారి గింజ దంచి మడుగులో కలుపు అలవాటు ఏజెన్సీ గ్రామములలో పూర్వమునుండి యున్నది. వాగు పాఱు దినములలో వేసిన కాయ కొట్టుకొనిపోవును గాని, వేసవిలో మిగిలిన చివరి మడుగులో వేసినచో తల్లి చేప, పిల్ల చేప, కప్ప అన్నియు నొక్క జామున తేలును. ఆ మడుగే మఱుసటి యేటి వాగునకు విత్తనము.

కిన్నెరసాని అభయారణ్యము 1977లో ఏర్పడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అభయారణ్యములో రసాయనములు గాని ప్రేలుడు పదార్థములు గాని వాడరాదు. అక్కడ వల దింపదలచినవారు ముందుగ అటవీ అధికారుల యనుమతి సంగతి విచారింపవలెను. ఇందుకు తోడు మఱియొక మాట కోయ సోదరులు తెలిసికొనదగినది: 2006 నాటి అటవీ హక్కుల చట్టము జలాశయములలోని చేపలపై గ్రామ సముదాయమునకు హక్కును గుర్తించినది, 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము షెడ్యూలు ప్రాంతములలోని చిన్న నీటి వనరుల నిర్వహణమును పంచాయతీలకు అప్పగించినది. కావున బయటి వర్తకుడు డ్రమ్ము తెచ్చి ఊరి కుంటలోని పిల్లలను తోడుకొనిపోవుచున్నచో, ఎవరి సెలవుతో తోడుచున్నావని అడుగు అధికారము ఊరికి కలదు.

పిల్లలను మోయుటయందే మనవారికి ఎక్కువ నష్టము కలుగుచున్నది. 1957 జూలై 10వ తేదిన హీరాలాల్ చౌధురీగారు చేపకు సూదిమందు వేసి గ్రుడ్లు పెట్టించువఱకు, పిల్లలను వరద కాలమున నదులలోనే పట్టెడివారు. అందు బొచ్చెతోపాటు వాలుగ పిల్లయు నుండెడిది. నేడు కేంద్రములలో పుట్టించిన పిల్లలు దొరకుచున్నవి గాని, దూరమునుండి రావలెను. బయలుదేఱుటకు ముందు వానికి మేత మాన్పి, శుభ్రమైన నీటిలో నొక పూట నిలుపవలెను. కడుపు నిండిన పిల్ల సంచిలో విసర్జించి నీటిని చెడగొట్టును. పాలిథీను సంచిలో మూడవ వంతు నీరు, తక్కినదంతయు ప్రాణవాయువు నింపి బిగించుట మంచి పద్ధతి. కొందఱు నీరెక్కువైన మేలని సంచి నిండ పోయించెదరు. పిల్లకు కావలసినది గాలి యని వారికి తోచదు. రాత్రి ప్రయాణము శ్రేష్ఠము. గట్టు చేరినతోడనే సంచి విప్పి చెఱువులోనికి గ్రుమ్మరింపరాదు. మూట విప్పకయే పావుగంట నీటిపై తేలనిచ్చి, పిమ్మట నోరు విప్పి చెఱువు నీటిని దోసెడు దోసెడుగ లోనికి పోసి, పిల్లలను తమంత తాము ఈదిపోనిచ్చుట తగును. మధ్యాహ్నపు టెండలో వేడి నీటిలో విడిచిన పిల్ల ఆ పూట చక్కగ ఈదినట్లే కనబడి, మఱునాడు అడుగున చచ్చియుండును. తేలిన కొలదిపాటివానిని చూచి నష్టము స్వల్పమని యెంచువారు పొరబడుదురు.

జాతి యెఱుగని పిల్లను కొనకుడు. ఆఫ్రికా మార్పును పెంచుట నిషిద్ధము. 2019లో జాతీయ హరిత న్యాయమండలి యీ నిషేధమును నొక్కి చెప్పినది. అది మన నాటు మార్పు పిల్లను పోలియుండి, చౌకగ దొరకి, త్వరగ పెరుగును. వరదకు కుంట తెగినచో వాగులో చేరి కనబడిన ప్రతి చేపను మ్రింగును. ఉమ్మడి రాష్ట్రమున 2006లో జలజీవుల విత్తన నాణ్యతను గూర్చి చట్టము వచ్చియున్నది గనుక, నమోదైన కేంద్రమునుండియే కొని రసీదు పుచ్చుకొనుట క్షేమము.

కొర్రమట్ట మన రాష్ట్ర మత్స్యము. దాని పిల్లలు ఎఱ్ఱని గుంపుగ నీటిపై తిరుగుచుండ తల్లియు తండ్రియు క్రింద కావలి కాయును. గుంపు కనబడినచోట ఊత వేసిన పెద్ద చేప తప్పక దొరకునని అందఱికి తెలియును. కావలి పోయిన పిల్లలను పరకలు సైతము మూడు దినములలో తినివేయునని కొందఱికే తెలియును. హైదరాబాదులో మృగశిర నాడు పంచు చేప మందునకు బ్రతికిన కొర్రమట్ట పిల్లలే కావలయును గనుక, ఆ దినములలో వీనికి బేరము కలదు. వరిమళ్లలోని గుంపును సంచిలో పట్టి అమ్ముట చూచి, ఇది కూలికి తక్కువ రాదని యువకులు మొగ్గుదురు. గుంపునంతటిని తోడక సగమైనను విడుచుట సంఘమువారు తీర్మానము చేసికొనదగిన కట్టుబాటు.

లెక్క సంగతి చెప్పి ముగించెదను. 2016-17లో ఆరంభమైన ఉచిత చేపపిల్లల పథకములో చిన్న చెఱువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లయు, ఎల్లకాలము నీరుండు చెఱువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లయు నిర్ణయించిరి. వాలుగ యున్న చెఱువులో చిన్న పిల్లను విడుచుట దానికి మేత వేయుటయే. పిల్లలను గిన్నెతో కొలుతురు. తొట్టి వేర్వేఱు తావులనుండి తీసిన మూడు గిన్నెలను లెక్కించగా 210, 190, 200 వచ్చినవనుకొందము, సగటు 200. ఏబది గిన్నెలకు పదివేలు. ప్రతి గిన్నెలోను ఇరువది తగ్గినచో వేయి పిల్లలు రాలేదన్న మాట. కావున కొలుచునపుడు సంఘ సభ్యులిద్దఱు గట్టుననుండి, జాతి, కొలత, సంఖ్య, వచ్చిన వేళ, చచ్చిన పిల్లల లెక్క పుస్తకమున వ్రాసి, తెచ్చినవానిచే చేవ్రాలు చేయింపవలెను. సంచులలో మిగిలిన నీటిని చెఱువులో పోయక కట్ట దిగువ పొలమున పాఱబోయుడు.