యుద్ధానికి వెళ్ళి తిరిగి రాని తాతయ్య

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మనలో కొందరి ఇళ్ళలో గోడమీద ఓ పాత ఫొటో వేలాడుతూ ఉంటుంది. ఖాకీ దుస్తులు, నడుముకి పటకా, బిగదీసుకుని నిలబడ్డ ఓ కుర్రవాడు. "ఎవరండీ ఈయన?" అని వచ్చినవాళ్ళు అడిగితే, "మా తాతయ్య, మిలిటరీలో పోయాడట" అంటాం. ఎక్కడ పోయాడు, ఏనాడు పోయాడు అని మరో మాట అడిగారా, మన దగ్గర జవాబు ఉండదు. "బర్మాలోనో ఎక్కడోనండీ" అనేసి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఆ జవాబు వెతుక్కోవడం ఎలాగో, వెతుక్కుంటే ఏం దొరుకుతుందో ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మమ్మగారిది తాడేపల్లిగూడెం దగ్గర ఓ పల్లెటూరు. ఆ ప్రాంతాలవాళ్ళు సైన్యంలో చేరడం కొత్తేమీ కాదు. దగ్గర్లో ఉన్న మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఒక్క ఊరినుంచే వందలమంది వెళ్ళారు. మా తాతయ్య 1940లో చేరాడు. మిలిటరీ లారీ డ్రైవరు. 1941 వేసంగిలో సెలవుమీద వచ్చి వెళ్ళాడు. అప్పటికి మా అమ్మ కడుపులో ఉంది. అంటే కూతురి మొహం ఆయన చూడనే లేదన్నమాట.

1942లో ఉత్తరాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకి ఇంగ్లీషులో ఓ కాగితం వచ్చింది. కరణంగారు చదివి, "మనిషి జాడ తెలియడంలేదుట" అన్నారు. యుద్ధం అయిపోయాక తక్కినవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళోకి వచ్చారు. తాతయ్య రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన, "రంగంలో చూసినట్టే ఉంది" అన్నాడట. అంతే, ఊరికి ఆ మాట చాలింది. రంగంలో ఇంకొకతెని కట్టుకుని కాపరం పెట్టాడన్నారు. ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారన్నారు!

అమ్మమ్మ ఎవరికీ బదులు చెప్పలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. అయితే పేరంటాలకి మాత్రం ఆవిణ్ణి ఎవరూ పిలిచేవారు కాదు. మొగుడు పోయినదని చెప్పడానికి రుజువు లేదు, ఉన్నదని చెప్పడానికి మనిషి లేడు. 1987లో ఆవిడ పోయినప్పుడు, బొట్టు పెట్టి పంపాలా వద్దా అని వాకిట్లో పెద్దలు తర్కించుకుంటున్నారు. మా అమ్మ లోపలికి వెళ్ళి కుంకుమభరిణె తెచ్చి తనే పెట్టింది.

ఆ అమ్మకి ఎనభై దాటాక ఓ రోజు, "మా నాన్న ఏమయ్యాడో తెలియకుండానే నేనూ పోతాను కాబోలు" అంది. అంచేత నేను ఈ పనికి పూనుకున్నాను.

మొదట చెయ్యవలసిన పని ఇంట్లోనే ఉంది. అటకమీద ఉన్న ట్రంకుపెట్టె దింపండి. మనకి కావలసింది సైనికుడి నంబరు. మనుషుల పేర్లు వందలమందికి ఒకటే ఉంటాయి, నంబరుని బట్టి మనిషిని పట్టుకోవడం తేలిక. పెన్షను కాగితాలమీద, సైన్యంనుంచి వచ్చిన ఉత్తరాలమీద అది ఉండవచ్చు. మా ఇంట్లో మనియార్డరు కూపన్లమీద దొరికింది. డబ్బు పుచ్చుకుని, ఆ చిన్న కాగితం ముక్కలన్నీ అమ్మమ్మ దారంతో కట్టి దాచుకుంది. వాటితోబాటే ఆయన ఏ దళమో కూడా తెలిసింది.

పతకాలు ఉంటే ఇంకా మంచిది. మొదటి యుద్ధం నాటి పతకాల అంచుమీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో మనవాళ్ళకి ఇచ్చినవాటిలోనూ చాలావాటిమీద ఉంటాయి. ఇక్కడ ఒక్క మాట. మెరుస్తాయి కదా అని వాటిని చింతపండు పెట్టి తోమకండి! అంచుమీది అక్షరాలు అరిగిపోతే చేతులారా ఆధారం చెరుపుకున్నట్టే. అలాగే చిరిగిన ఉత్తరాలకి జిగురు టేపు అంటించకండి. కొన్నాళ్ళకి ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. ఫొటో తీసుకుని, అసలు కాగితాన్ని మడతలు విప్పి శుభ్రమైన కవరులో పెట్టండి.

రెండోది, ఇంట్లో పెద్దవాళ్ళని అడగడం. ఎవరు ఏం చెప్పారో పుస్తకంలో రాసుకోండి, కాని అన్నీ నిజమనుకోకండి. ఆ రోజుల్లో మనవైపు సముద్రం దాటిన ప్రతివాణ్ణీ రంగం వెళ్ళాడనే అనేవారు. అంచేత "బర్మాలో పోయాడు" అంటే బర్మాలోనే కానక్కర్లేదు. మలయా కావచ్చు, సింగపూరు కావచ్చు, ఈజిప్టు కావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంనుంచి సుమారు 25 లక్షలమంది సైన్యంలో పనిచేశారు. సుమారు 87 వేలమంది చనిపోయారు. వాళ్ళు ఆఫ్రికాలో ఉన్నారు, ఇటలీలో ఉన్నారు, బర్మాలో ఉన్నారు. హైదరాబాదు సంస్థానంవారి పటాలం కూడా మలయా వెళ్ళింది. 1941 డిసెంబరు 8న జపానువాళ్ళు కోటబారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది వాళ్ళే. అంచేత తెలంగాణా సోదరీమణులు కూడా "మనవైపు ఎవరు వెళ్ళారులే" అనుకోనక్కర్లేదు.

ఇహ మూడో మెట్టు అసలైనది. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం అని ఒకటి ఉంది. 1917లో మొదలైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిషు సామ్రాజ్యం పక్షాన చనిపోయిన సుమారు 17 లక్షలమంది వివరాలు వీరి దగ్గర ఉన్నాయి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు లెక్క. ఈ పట్టిక అంతా ఇంటర్నెట్లో ఉంది. కానీ ఖర్చు లేదు. మీకు రాకపోతే కాలేజీలో చదివే మీ పిల్లల్ని పక్కన కూచోబెట్టుకోండి.

అయితే అందులో మన పేర్లు వెతకడం బియ్యంలో మెరిక ఏరినట్టే. దొర గుమాస్తాకి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. వెంకయ్య 'వెంకియా' అవుతాడు, అప్పన్న 'అపానా' అవుతాడు. ఇంటిపేరు ఒక్కోసారి పొడి అక్షరంగా మిగులుతుంది, ఒక్కోసారి అసలు ఉండనే ఉండదు. అంచేత నంబరుతో వెతకడం మొదటి మార్గం. నంబరు లేకపోతే, పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రం కొట్టి, ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ చూడాలి. ఊళ్ళ పేర్లూ పాతవే. విశాఖపట్నాన్ని విజగపటం అనీ, కాకినాడని కోకనాడా అనీ, విజయవాడని బెజవాడ అనీ రాశారు. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో. కాబట్టి మొదటి యుద్ధం నాటివాళ్ళకి ఆ జిల్లాపేరు ఉండదు. కృష్ణా కింద చూడాలి.

నేను పగలు వంట అయ్యాక కూచుని, పదకొండు రోజులు వెతికాను. పన్నెండోరోజున నంబరు కలిసింది. పేరు సగం తప్పు, ఊరు పూర్తిగా తప్పు. కాని నంబరు అదే, తండ్రిపేరు అదే. కింద ఓ వాక్యం ఉంది. "ఫలానావారి భర్త" అని. ఆ ఫలానావారు మా అమ్మమ్మ! ఆవిడ పేరునీ ఇంగ్లీషువాడు వంకరగానే రాశాడు. అయినా అది మా అమ్మమ్మ పేరే. చనిపోయిన తేదీ 1942 ఫిబ్రవరి 15.

ఆ తేదీ ఏమిటో చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు. సింగపూరులో బ్రిటిషు సైన్యం జపానుకి లొంగిపోయిన రోజు. ఫిబ్రవరి 17న అక్కడి ఫారర్ పార్కు మైదానంలో సుమారు నలభైవేలమంది భారతీయ సైనికుల్ని జపానువారికి అప్పగించారు. వాళ్ళలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్ళలో చాలామందిని న్యూగినీ వంటి దీవులకి కూలిపనికి తీసుకుపోయారు. మీ ఇంట్లో "తాతయ్య నేతాజీ సైన్యంలో ఉన్నాడు" అన్న మాట ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. నేతాజీ సింగపూరు వచ్చింది 1943 జూలైలో. ఆ ఫౌజుకి సంబంధించిన కాగితాలు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

మరి సమాధి ఉంటుందా అని అడుగుతారు. మన హిందువులకీ సిక్కులకీ దహనం కదండీ. అంచేత వాళ్ళ పేర్లు స్మారక శిలలమీద ఉంటాయి. కొహిమాలో దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికులకి ప్రత్యేకంగా ఓ స్మారకం ఉంది. శవం దొరకనివాళ్ళకీ శిలలే. రంగూను స్మారకంమీద సుమారు 27 వేల పేర్లు ఉన్నాయి. సింగపూరులో క్రాంజి అనేచోట, చిన్న గుట్టమీద 1957లో ఆవిష్కరించిన స్మారకం ఉంది. దానిమీద 24 వేలకి పైగా పేర్లు ఉన్నాయి. మా తాతయ్య పేరు అక్కడ ఉంది.

అందరికీ ఇంత న్యాయం జరగలేదు లెండి. మొదటి యుద్ధంలో ఇరాక్‌లో చనిపోయిన మన మామూలు సిపాయిల పేర్లు బస్రా స్మారకంమీద చెక్కనే లేదు. అఫీసర్ల పేర్లు చెక్కి, తక్కినవాళ్ళని అంకెలుగా వేశారు. ఇలా పక్షపాతం జరిగిన మాట నిజమేనని ఆ సంఘమే 2021లో ఒప్పుకుంది. కాబట్టి పేరు దొరకకపోతే మీ పెద్దలు అబద్ధం చెప్పారని అనుకోకండి.

నాలుగోది, సైన్యంవారి రికార్డు ఆఫీసు. దళం తెలిస్తే అక్కడికి ఉత్తరం రాయవచ్చు. మద్రాసు శాపర్లది బెంగుళూరులో, మద్రాసు రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. నంబరు, పేరు, తండ్రిపేరు, ఊరు, చేరిన సంవత్సరం, మీకు ఆయన ఏమవుతారో రాసి, ఆధారాల నకళ్ళు జతపరచండి. అసలు కాగితాలు ఎప్పుడూ పంపకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఎవరికి రాయాలో చెబుతారు. నేను వెళ్ళిన ఓ ఆఫీసులో గుమాస్తాగారు, "ఇన్నేళ్ళ తరవాత ఎందుకమ్మా, ఏమన్నా డబ్బు వస్తుందనా?" అన్నాడు. "డబ్బు కాదు నాయనా, తద్దినం పెట్టడానికి తిథి కావాలి" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా దరఖాస్తు ఎలా రాయాలో దగ్గర కూచుని చెప్పాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. జాడ తెలియనివాళ్ళ విషయంలో కాగితంమీది తేదీ, ప్రాణం పోయిన తేదీ ఒకటే కావాలని లేదు. కొందరికి "ఫలానా తేదీకీ ఫలానా తేదీకీ మధ్య" అనే రాసి ఉంటుంది. మా తాతయ్య ఆ రోజునే పోయాడని నేను ప్రమాణం చెయ్యలేను. కాని రంగంలో కాపరం పెట్టలేదు. అది మాత్రం చెప్పగలను. భార్య ఎవరంటే మా అమ్మమ్మ పేరే రాయించాడు, చివరిదాకా జీతంలోంచి ఆవిడకే పంపాడు. కట్టకట్టిన ఆ కూపన్లే సాక్ష్యం.

మా అమ్మకి ఆ పేజీ అచ్చు తీసి చదివి వినిపించాను. "మా అమ్మ పేరు మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. ఆ తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఊరికి ఫోను చేయించి, మిగిలివున్న ఒకరిద్దరు పెద్దవాళ్ళతో "సింగపూరులో యుద్ధంలో పోయాడు మా నాన్న" అని గట్టిగా చెప్పింది.

పంచాంగం చూపిస్తే 1942 ఫిబ్రవరి 15 మాఘ బహుళ అమావాస్య, శివరాత్రి వెళ్ళిన వెంటనే వచ్చే అమావాస్య. కొడుకులు లేరు కాబట్టి దౌహిత్రుడు మా అన్నయ్య పెడుతున్నాడు. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఓ ఆదివారం క్రాంజి వెళ్ళి, ఆ పేరుదగ్గర నాలుగు పువ్వులు పెట్టి ఫొటో తీసి పంపింది. దాన్ని అమ్మమ్మ ఫొటో పక్కన తగిలించాం.

మీ ఇంట్లోనూ అలాంటి ట్రంకుపెట్టె ఉంటే, పండగకి దులుపుకునేటప్పుడు కాగితాలు పాతవని పారెయ్యకండి. ఒక్కసారి విప్పి చూడండి. అడిగితే చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే అడగండి.

సెలవు.