బీమా సొమ్మును ద్రవ్యోల్బణం నుండి కాపాడుకోవడం ఎలా?

పాలసీ పత్రంలో వ్రాసిన అంకె మారదు. ఆ అంకెతో కొనగలిగిన వస్తువుల పరిమాణం మాత్రం ఏటేటా తరిగిపోతుంది. జీవిత బీమాలో పాలసీదారునికి కలిగే నష్టాలలో కంటికి కనిపించనిది ఇదే. సంస్థ తన మాట ప్రకారం పైసాతో సహా చెల్లించినప్పటికీ, కుటుంబానికి అందవలసిన ఆసరా పూర్తిగా అందదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2000లో పది గ్రాముల బంగారం వెల సుమారు 4,400 రూపాయలు. ఆడపిల్ల పెండ్లి నిమిత్తం ఆ యేడు ఒక తండ్రి 25 ఏండ్ల గడువుతో లక్ష రూపాయల పాలసీ తీసుకున్నాడనుకుందాం. ఆనాడు లక్షకు 200 గ్రాములకు పైగా బంగారం వచ్చేది. గడువు తీరిన 2025లో పది గ్రాముల వెలే లక్ష దాటింది. బంగారం సంగతి అటుంచి, ధరలు ఏటా 6 శాతం చొప్పున మాత్రమే పెరిగాయనుకున్నా, 25 ఏండ్లకు లక్ష రూపాయల కొనుగోలు శక్తి సుమారు 23,300 రూపాయలకు దిగుతుంది. ధరలు ఎన్నేండ్లలో రెట్టింపవుతాయో తెలుసుకోవడానికి 72ను ద్రవ్యోల్బణ శాతంతో భాగిస్తే చాలు. 6 శాతమైతే పన్నెండేండ్లు.

మరి బోనస్ సంగతి? వేయికి ఏటా 45 రూపాయల బోనస్ చొప్పున లెక్కిస్తే 25 ఏండ్లలో 1,12,500 రూపాయలు చేరి మొత్తం 2,12,500 అవుతుంది. పాలసీ తీసుకున్ననాటి విలువలో అది సుమారు 49,500 రూపాయలే. సాధారణ వార్షిక బోనస్‌ను మూల బీమా మొత్తంపైనే లెక్కకడతారు. అంటే బోనస్‌ది బారువడ్డీ నడక, ధరలది చక్రవడ్డీ నడక.

ధరలతోపాటు పెరిగే పాలసీలను సంస్థలు విరివిగా ఎందుకు ఇవ్వవు? సాధారణ పాలసీల నిధులలో కనీసం సగం ప్రభుత్వ, ఆమోదిత సెక్యూరిటీలలో ఉండాలన్నది నిబంధన. వాటిలో అత్యధిక భాగంపై వచ్చే వడ్డీ స్థిరం. ద్రవ్యోల్బణంతో ముడిపడిన బాండ్లను ప్రభుత్వం 1997లోనూ, 2013లోనూ జారీ చేసినా, అవి విస్తృతంగా వ్యాపించలేదు. రాబడి స్థిరంగా ఉన్నప్పుడు పెరిగే బాధ్యతను సంస్థ తలకెత్తుకోలేదు. అందువల్ల జాగ్రత్త పాలసీదారుడే వహించవలసి ఉంటుంది.

మొదటిది, రక్షణను, పొదుపును వేరుగా చూడటం. కుటుంబ పోషకుడు మరణిస్తే కావలసిన పెద్ద మొత్తానికి తక్కువ ప్రీమియంతో టర్మ్ పాలసీ దొరుకుతుంది. గడువు వరకు జీవించి ఉంటే సాధారణంగా సొమ్ము తిరిగి రాదు. మిగిలిన పొదుపును భవిష్యనిధి వంటి ఇతర మార్గాలలో ఉంచవచ్చు.

రెండవది, పెరిగే బీమా మొత్తాన్ని ఎంచుకోవడం. జీవిత బీమా సంస్థ 2019లో ప్రవేశపెట్టిన జీవన్ అమర్‌లో ఈ ఎంపిక ఉండేది. మొదటి ఐదేండ్లు మొత్తం స్థిరంగా ఉండి, ఆ తర్వాత ఏటా మూల మొత్తంలో 10 శాతం చొప్పున పెరిగి పదిహేనవ యేట రెట్టింపయ్యేది. ఇటువంటి ఎంపికకు ప్రీమియం ఎక్కువ.

మూడవది, ఐదేండ్లకొకసారి సరిచూసుకోవడం. ఇంటి ఖర్చు, అప్పులు, పిల్లల చదువులు లెక్కవేసి, చాలని మేరకు కొత్త పాలసీ తీసుకోవాలి. వయస్సు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది గనుక ఆలస్యం తగదు.

నాలుగవది, యూనిట్ ఆధారిత పాలసీలు. వాటాలలో పెట్టుబడి దీర్ఘకాలంలో ధరలను మించి పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ఆ నష్టభయం పూర్తిగా పాలసీదారునిదే. 2010 నుండి వీటిలో సొమ్మును ఐదేండ్ల వరకు తీయడానికి వీలులేదు.

పింఛను పథకాలలోనూ ఇదే సమస్య ఉంది. అరవైయవ యేట చాలిన పింఛను ఎనభైయవ యేట చాలదు. ఏటా 3 శాతం చొప్పున పెరిగే పింఛను ఎంపికలు కొన్ని పథకాలలో ఉన్నాయి. అయితే వాటిలో ఆరంభ పింఛను తక్కువగా ఉంటుంది.

పాత పాలసీ విలువ తరిగిందని తొందరపడి రద్దు చేసుకోవడం మంచిది కాదు. స్వాధీన విలువ చాలా సందర్భాలలో కట్టిన సొమ్ముకంటె తక్కువగా ఉంటుంది. పైగా పాత ప్రీమియం రూపాయలలో స్థిరం గనుక ధరలు పెరిగేకొద్దీ దాని భారం తేలికవుతుంది. ప్రీమియం నిలిపివేసి చెల్లింపు పూర్తయిన పాలసీగా మార్చుకుంటే ఎంత వస్తుందో శాఖ కార్యాలయంలో వ్రాతపూర్వకంగా తెలుసుకొని, రెండింటినీ పోల్చి నిర్ణయించుకోవాలి. పత్రం ఆంగ్లంలోనో, కన్నడ, తమిళ, ఒడియా భాషలలోనో ఉంటే ఇంట్లో చదువుకున్నవారిచేత షరతులన్నీ చదివించుకున్న తరువాతనే సంతకం చేయాలి.