చక్రం ఆగిన మూడు వారాలు

మా మేనల్లుడు పొద్దు ఏడు దాటినా పక్క దిగడం లేదంటే మా ఇంట్లో పెద్ద కలవరమే పుట్టింది. నాలుగున్నరకల్లా లేచి, చీకట్లోనే సైకిలు బయటికి తీసి, నిమ్మాడ కూడలిలో జాతీయ రహదారి పట్టి, టెక్కలి మీదుగా పలాసదాకా తొక్కి, నేను కాలేజీకి బయల్దేరే వేళకు చెమటలు కక్కుతూ తిరిగి వచ్చే కుర్రవాడు వాడు. పందెపు సైకిలు వాడిది. చక్రం వేలి లావు, బరువు మా పెరట్లో గుమ్మడికాయంత. అలాంటివాడు దుప్పటి ముసుగు తన్ని పడుకుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

“ఆడికేటయినా జబ్బు చేసిందేమో తమ్ముడూ! మీ బావా మొదట్లో ఇలగే నీరసం నీరసం అనీవోరు,” అంది మా అప్ప.

ఆ మాటతో నా గుండె ఝల్లుమంది. మా బావగారిది కవిటి వైపు ఉద్దానం ఊరు. కొబ్బరి, పనస, జీడి తోటలతో పచ్చగా కళకళలాడే ఆ సీమకు మూత్రపిండాల జబ్బు ఎలా దాపురించిందో, కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు ఈనాటికీ తేల్చలేదు. నీరంటారు, నేలంటారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేదాకా చేసే చాకిరీ అంటారు. బావగారు ఆ జబ్బుతోనే పోయారు. తరవాత 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి తోటను నేలకూల్చింది. కొడుకునూ, రెండు ట్రంకు పెట్టెలనూ, జీడిపిక్కలు తూచే కాటానూ వెంటబెట్టుకుని అప్ప మా ఇంటికి వచ్చేసింది.

నిజానికి కుర్రవాడు పడుకోవడంలో తప్పేమీ లేదు. చలికాలంలో పోటీలు ముగిశాయి. పందెగాళ్లందరికీ ఏడాదిలో కొన్నాళ్లు విరామం ఉంటుంది. మావాడే ఆ సంగతి ఒప్పుకోలేదు. జనవరి పోటీలో ఆఖరి మైళ్లలో మోకాలు పట్టేసినా, ఏప్రిల్ ఎండల్లో కూడా మానకుండా తొక్కుతూనే వచ్చాడు. ఎలా తొక్కగలిగాడో ఓనాడు పంక్చరు సామాను సంచీ దులిపితే తెలిసింది. ఖాళీ అయిన నొప్పిమాత్రల రేకులు పదకొండు రాలాయి. రోజూ బయల్దేరే ముందు ఒకటి వేసుకునేవాడట! నేను పాతికేళ్లుగా కుర్రాళ్లకు పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో కుర్రవాడి జేబులో ఏముందో తెలుసుకోలేకపోయాను.

ఆ సాయంత్రమే టెక్కలిలో ఓ వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రేకులు చూసి ముఖం ముడుచుకున్నారు.

“మాస్టారూ, ఎండలో తొక్కితే ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గిపోకుండా శరీరమే ఓ ఏర్పాటు చేసుకుంటుంది. ఈ మాత్రలు ఆ ఏర్పాటునే కట్టేస్తాయి. చల్లగా ఇంట్లో కూర్చుని పళ్లనొప్పికి ఓ మాత్ర వేసుకోవడం వేరు, ఇది వేరు,” అన్నారు.

రక్తంలో క్రియాటినిను, మూత్రంలో మాంసకృత్తు పరీక్ష చేయించమన్నారు. ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మా అప్ప బావగారి పాత ఆసుపత్రి కాగితాలు ముందేసుకు కూర్చుంది. నేను క్లాసులో ఏం చెప్పానో నాకే తెలియదు. భగవంతుడి దయవల్ల అన్నీ సరిగానే ఉన్నాయి. మాత్రలు మానాలనీ, మూడు వారాలు సైకిలు ముట్టరాదనీ, మళ్లీ ఎక్కేటప్పుడు సీటు కాస్త ఎత్తు చేయించాలనీ వైద్యుడు చెప్పారు. సీటు మరీ కిందికుంటే మోకాలు ఎక్కువగా వంగి, మోకాటి చిప్ప మీద ఒత్తిడి పడుతుందట.

ఇక అసలు బాధ మొదలైంది. “మావయ్యా, మూడు వారాలంటే కట్టిందంతా కూలిపోద్ది,” అని కుర్రవాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తెలుగు పండితుణ్ణి, నాకు ఈ శాస్త్రం ఎక్కడిది? అయినా పుస్తకాలు తిరగేయడం వచ్చు గనక తిరగేశాను. 1984లో అమెరికాలో ప్రచురించిన ఓ పరిశోధన దొరికింది. బాగా తర్ఫీదైన ఏడుగురి చేత సాధన మాన్పించి కొలతలు తీశారు. ప్రాణవాయువును వాడుకునే శక్తి మూడు వారాల్లో నూటికి ఏడు పాళ్లు తగ్గింది. ఎనిమిది వారాలకు పదహారు పాళ్లు తగ్గి అక్కడ నిలిచింది. మొదటి వారాల్లో పోయేది ముఖ్యంగా రక్తంలోని ద్రవభాగమూ, గుండె ఒక్కో కొట్టుడుకు తోడే రక్తమూను. మళ్లీ తొక్కడం మొదలుపెడితే ఆ ద్రవం త్వరగానే చేరుకుంటుంది. నూటికి ఏడు పాళ్లు అనేసరికి వాడి ముఖం కొంచెం తెరిపిన పడింది.

గ్రెగ్ లెమాండ్ కథ కూడా చెప్పాను. 1986లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన అమెరికావాడు. మరుసటి ఏప్రిల్‌లో వేటకు పోతే, తుపాకీ గుండ్లు పొరపాటున అతని ఒంట్లోనే దిగాయి. కొన్నింటిని తీయడం కూడా కుదరలేదు. రెండేళ్లు ఆ పందెం మొహం చూడలేదు. 1989లో వచ్చి, ఆఖరి రోజుకు 50 సెకన్లు వెనకబడి ఉండి కూడా, మూడు వేల చిల్లర కిలోమీటర్ల పందేన్ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు.

“రెండేళ్లకు రెండేళ్లు పోయినవాడే వచ్చేడ్రా!” అన్నాను.

“ఆడు లెమాండ్ మావయ్యా!” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మన జిల్లా ఆడబిడ్డ, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరిని తలుచుకున్నాం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. అంతటి మనిషికీ 2004లో ఏథెన్సులో నడుం సహకరించక పోటీ సగంలో ఆగిపోయింది. ఈ రెండో సంగతి ఎత్తింది మా అప్పే. కొడుక్కి వినపడేటట్టుగానే ఎత్తింది.

మూడు వారాలు ఎలాగో గడిచాయి. వాడు చోడంబలి తాగాడు, నిద్రపోయాడు, విసుగెత్తి నా పుస్తకాల బీరువా కూడా సర్దాడు. రోజూ లేవగానే నాడి చూసి గోడ క్యాలెండరు మీద రాసేవాడు. ముందునాటి అంకెకంటే బాగా ఎక్కువగా కొడితే ఒళ్లింకా తేరుకోలేదని ఓ గుర్తట.

జూన్‌లో తొలకరి పడ్డాక సైకిలు మళ్లీ బయటికి వచ్చింది. రహదారి మీద లారీల రద్దీ వద్దని నౌపడ వైపు పొమ్మన్నాను. ఎంత నెమ్మదిగా తొక్కాలో తెలియడానికి శాస్త్రజ్ఞులు చెప్పే గుర్తు ఒకటుంది: తొక్కుతూ తడబడకుండా మాట్లాడగలగాలి. దాన్ని నేను నా పద్ధతిలోకి మార్చాను. పద్యం ఎత్తుకుంటే యతి దాకా ఊపిరి తెగకూడదు. మొదటి వారం నేనూ నా పాత సైకిలు మీద వెంట వెళ్లాను. తేలినీలాపురం కొంగలు వెళ్లిపోయి చెట్లు బోసిగా ఉన్నాయి. ఉప్పు మడుల్లో వాననీరు నిలిచింది. సముద్రపు గాలి ఎదురు కొడుతుంటే నాకు రెండో పాదంలోనే ఊపిరి తెగింది. వాడు మాత్రం నాలుగు పాదాలూ పూర్తిచేసి వెనక్కి చూసి నవ్వాడు.

మూడు వారాలు దూరం కొంచెం కొంచెం పెంచడం, నాలుగో వారం తగ్గించడం. అదీ ఇప్పటి లెక్క. మోకాలు చెబితే ఆ రోజుకు సెలవు. మాత్ర మాటే లేదు.

నీళ్ల సంగతి మాత్రం అప్ప చేతిలోకి పోయింది. తొక్కక ముందు, తొక్కి వచ్చాక మనిషిని తూచి, తగ్గిన కిలోకు దాదాపు లీటరు నీరు పోయిందని లెక్కకట్టవచ్చునని వైద్యుడు అన్నారు. ఆ మాట విన్న మర్నాడే ఆవిడ అటక మీంచి జీడిపిక్కల కాటా దింపించి, తుడిచి, వసారాలో పెట్టించింది. ఇప్పుడు రోజుకు రెండుసార్లు కొడుకును బస్తాలాగా దానిమీద నిలబెడుతుంది. నిన్న ముప్పాతిక కిలో తగ్గాడు. చెంబెడు మజ్జిగ, రెండు గ్లాసుల నీళ్లు తాగేదాకా కిందికి దిగనివ్వలేదు.