మోతీ దురద నేర్పిన పాఠం

విశ్వాసానికి మారుపేరుగా కుక్కను చెప్పుకోవడం మనవారికి అనాదిగా ఉన్న అలవాటు. అదే నోటితో ఎవరినైనా తీసిపారేయవలసి వచ్చినప్పుడు "గజ్జి కుక్క" అనడమూ మనకు అలవాటే. మా ఇంటి మోతీకి ఒళ్లంతా దురద పట్టేవరకూ ఈ రెండు మాటల మధ్య ఎంత దూరమున్నదో మేము ఆలోచించలేదు. ఆ అనుభవం తోటి ఉద్యోగుల కుటుంబాలకు ఏ కొంచెమైనా ఉపకరిస్తుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఉద్యోగరీత్యా సూరత్‌కు వచ్చి హజీరా వైపు కాలనీలో స్థిరపడిన కొత్తలో, వర్షంలో తడుస్తూ మెట్ల క్రింద చేరిన కుక్కపిల్ల మోతీ. పిల్లలు పాలు పోశారు, పేరు పెట్టారు, ఇక అది మా ఇంటిదైపోయింది. ప్రక్క క్వార్టర్స్‌లోని గుజరాతీ వృద్ధురాలిని మేమందరమూ "బా" అనే పిలుస్తాము. మొదటి రొట్టె ఆవుకు, చివరి రొట్టె కుక్కకు పెట్టడం ఆమె ఇంటి ఆచారం. ఆ చివరి రొట్టె, నేతిలో తడిసి, ప్రతి సాయంత్రమూ మోతీకి చేరేది. మా ఇంట పెరుగన్నం, ఆదివారాలు కోడికూర ముక్కలు. ఇంతకంటే భాగ్యవంతమైన కుక్క కాలనీలో లేదని నవ్వుకునేవారము.

గోకుడు మొదలైన వైనం

దానికి రెండేళ్లు నిండుతుండగా గోకుడు ఆరంభమైంది. తొలుత పట్టించుకోలేదు. పిమ్మట తోక మొదట్లో వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. చెవుల నుండి పులిసిన వాసన. రాత్రివేళ మంచం ప్రక్కన కాలు నేలకు కొట్టుకునే టకటక శబ్దం. నైట్ షిఫ్టు ముగించుకుని వచ్చి పడుకుందామంటే ఆ శబ్దానికి నిద్ర పట్టేది కాదు. అది మాత్రం ఎప్పుడు నిద్రపోయేదో మాకు తెలియదు.

సలహాలకు కొరత లేదు. ఒకరు కిరోసిన్ పూయమన్నారు, మరొకరు వాడిన ఇంజను ఆయిలు అన్నారు. ఆ రెండూ చేయలేదు గాని, మా పిల్లల సబ్బుతో రోజూ స్నానం చేయించాము, మనుషులకు వాడే తామర మందు పూశాము. అది మందును నాకివేసింది, వాంతి చేసుకుంది. దురద మాత్రం హెచ్చింది.

ఇంతలో క్రింది అంతస్తులో ఒక పిల్లవానికి చేతులపై దద్దుర్లు వచ్చాయి. అనుమానం సహజంగానే మోతీపైకి మళ్లింది. కాలనీ సంఘంవారు మర్యాదగానే చెప్పారు: ఇది అంటురోగమైతే పిల్లలున్న చోట ఉంచరాదు, ఉధనా దాటిన తరువాత ఎక్కడైనా వదిలిపెట్టి రండి అని. సిగ్గు విడిచి చెప్పవలసిన మాట ఏమిటంటే, మేము అందుకు ఒప్పుకున్నాము. ఒక శనివారం ఉదయం ఆటోరిక్షా పిలిచాము. షికారుకు తీసుకుపోతున్నామనుకుని మోతీ అందరికంటే ముందుగా ఎక్కి కూర్చుని, తోక ఆడించింది. ఆ తోక మొదట్లోనే పుండు. ఆటో కాలనీ గేటు దాటగానే డ్రైవరుతో ఉధనా వద్దని, పశువైద్యుని వద్దకు పోనిమ్మని చెప్పాము.

దురద రోగం కాదు, సూచన

డాక్టరుగారు మొట్టమొదట చెప్పిన మాట ఇది: దురద అన్నది రోగం పేరు కాదు, లోపల ఏదో ఉన్నదనడానికి సూచన మాత్రమే. దానికి కారణాలు అనేకం. వాటిని ఒక వరుసలో, ఒక్కొక్కటిగా త్రోసివేస్తూ పోవాలి. నేరుగా "అలర్జీ" అని పేరు పెట్టి మందు వేయడం చీకట్లో బాణం వేయడమే.

ఆ వరుసలో మొదటివి పురుగులు. మన ఈరుబాన వంటి సన్నపళ్ల దువ్వెనతో మోతీ నడుము మీద దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిసిన తెల్ల దూదిపై వేశారు. క్షణంలో వాటి చుట్టూ ఎర్రని చార వ్యాపించింది. అది మట్టి కాదు, జీర్ణమైన నెత్తురు. గెంతుతూ తిరిగే ఫ్లీ అనే చిన్న పురుగుల విసర్జన. ఫ్లీ లాలాజలం కొన్ని కుక్కలకు పడదు. అట్టి కుక్కకు ఒళ్లంతా పురుగులుండనవసరం లేదు, కొద్దిపాటి కాట్లకే రోజుల తరబడి గోక్కుంటుంది. తోక మొదలు, నడుము, తొడల వెనుక భాగం ఇందుకు ముఖ్య స్థానాలు.

రెండవది గజ్జి పురుగు. చెవి అంచులు, మోచేతులు దీనికి ఇష్టమైన చోట్లు. చర్మాన్ని పైపైన గీకి సూక్ష్మదర్శిని క్రింద చూశారు. పురుగు కనబడలేదు. అయితే ఒక్క పరీక్షలో కనబడనంత మాత్రాన లేదని చెప్పరాదట. అందుకే ఫ్లీలకూ గజ్జి పురుగులకూ కూడా పనిచేసే మాత్రను ఇచ్చారు.

మూడవది, గోకుడు వలన పుండ్లు పడిన చోట చేరే సూక్ష్మజీవులు. మోతీ చెవులలోనూ కాలివ్రేళ్ల మధ్యనూ ఈస్టు అనే శిలీంధ్రం పెరిగింది. పులిసిన వాసనకు కారణం అదే. దానికి మందు కలిపిన షాంపూ. ఒంటిపై పట్టించి పది నిమిషాలు ఆగి కడగాలి.

మా అసలు భయాన్ని అప్పుడు అడిగాము. ఆయన సమాధానం స్పష్టం. అలర్జీ ఎవరికీ అంటదు. గజ్జి పురుగు మనుషులకు తాత్కాలికంగా దద్దుర్లు కలిగించవచ్చు, తామర మాత్రం నిజంగానే మనుషులకు అంటుకుంటుంది. అందుచేతనే పరీక్ష అవసరం. తామర లేదని నిర్ధారించి ఆయన వ్రాసి ఇచ్చిన కాగితాన్ని సంఘంవారికి చూపించాము. క్రింది ఇంటి పిల్లవాని దద్దుర్లు, వారి డాక్టరు చెప్పిన ప్రకారం, చెమటకాయలు.

సూరత్ చెప్పిన పాఠం

ఇక్కడ ఈ నగరపు చరిత్రలోని ఒక వింతను ప్రస్తావించక తప్పదు. 1689లో సూరత్ యాత్రకు బయలుదేరిన జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు 1696లో తన యాత్రాగ్రంథాన్ని ప్రచురించాడు. రోగగ్రస్తమైన, ముసలివైన జంతువులకు ఇక్కడి వర్తకులు నడిపే ఆసుపత్రిని గురించి వ్రాస్తూ, దాని సమీపాన నల్లులు, ఫ్లీల వంటి రక్తం పీల్చే పురుగులను సైతం పోషించే మరొక స్థలం ఉండేదని, వాటి ఆహారానికై అప్పుడప్పుడు ఒక పేదవానికి డబ్బిచ్చి రాత్రంతా ఆ మంచం మీద పడుకోబెట్టేవారని చెప్పాడు. ఇది చదివి మేము నవ్వుకున్నాము. పిదప ఆలోచిస్తే, అంతకాలమూ మా ఇంట జరిగినదీ అదేననిపించింది. ఫ్లీలను మేము పోషించాము. మంచం మీది పేదవాడు మోతీ.

ఎలాగంటే, కుక్క ఒంటిమీద కనబడే పెద్ద పురుగులు మొత్తంలో ఇరవయ్యో వంతు మాత్రమే. తక్కినవన్నీ గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా పరుపు క్రింద, చాపల్లో, గోడ మూలల్లో ఉంటాయి. గూటిలోని పురుగు నెలల తరబడి కదలక ఉండగలదు. సముద్రం చేరువనున్న సూరత్‌లో గాలి తేమగా ఉంటుంది, చలికాలమూ అంత చలి కాదు. కాబట్టి ఇక్కడ వాటికి సెలవు దినాలు లేవు. కుక్కకు స్నానం చేయించి ఇల్లు మరచిన మా వైద్యం ఎందుకు ఫలించలేదో అప్పుడు బోధపడింది.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ నగరం విడిచి పారిపోయారు. లింబాయత్, ఉధనా ప్రాంతాల మగ్గాలపై బ్రతుకుతున్న మన తెలుగు కుటుంబాలలో ఆనాటిని మరువని పెద్దలు నేటికీ ఉన్నారు. మరుసటి సంవత్సరం నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చేపట్టిన పారిశుద్ధ్య కార్యక్రమంతో సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. రోగికి మందు ఇస్తే చాలదు, పరిసరాలనూ బాగుచేయాలి అన్నది ఆనాడు ఊరంతా నేర్చుకున్న పాఠం. మేము దానిని మూడు గదుల ఇంటిలో ఆలస్యంగా నేర్చుకున్నాము. మోతీ పడుకునే గుడ్డలను వారం వారం వేడినీటిలో ఉతికాము, మంచాల క్రింద, మూలల్లో రోజూ ఊడ్చి ఆ చెత్తను వెంటనే బయట పారవేశాము, పురుగు మందును నెల తప్పకుండా మూడు నెలలు ఇచ్చాము.

రొట్టె పరీక్ష

నెల తిరిగేసరికి దురద సగం తగ్గింది. తక్కిన సగానికి ఆహారం కారణమా అన్న ప్రశ్న మిగిలింది. కుక్కలకు పడని ఆహారాలలో తరచు కనిపించేవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. వీటిలో మూడింటిని మోతీ నిత్యమూ తింటున్నది. రక్త పరీక్షతో తేల్చవచ్చునా అని అడిగితే, ఆహారం విషయంలో అవి నమ్మదగినవి కావన్నారు. ఉన్నది ఒక్కటే మార్గం. అది మునుపెన్నడూ తినని పదార్థాలను మాత్రమే ఎనిమిది వారాలు పెట్టడం. మాకు నిర్ణయించినవి ముళ్లు తీసి ఉడికించిన చేప, చిలగడదుంప. ఉప్పు, కారం, నూనె ఏవీ లేవు. ఎక్కువ కాలం సాగించవలసి వస్తే లోపించే పోషకాలను డాక్టరే సమకూర్చాలి, ఎదిగే పిల్లకు ఇది సొంతంగా చేయరాదు.

పథ్యం సులభమే, పాటించడమే కష్టం. ఒక్క బిస్కెట్టు ముక్క పెట్టినా లెక్క తప్పుతుంది. పిల్లలకు నచ్చజెప్పాము. కాని బాకు ఎలా చెప్పాలి? కుక్కకు పెట్టే రొట్టె ఆమెకు పుణ్యకార్యం. రెండు రోజులు తటపటాయించి, చివరకు చేతులు జోడించి, "బా, రెండు నెలలు మీ రొట్టె మోతీకి పెట్టవద్దు, డాక్టరుగారి మాట" అన్నాము. ఆమె ముఖం చిన్నబోయింది. "నా రొట్టె దానికి విషమా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట ఎవరమూ సరిగా భోజనం చేయలేదు.

ఆరవ వారానికి మోతీ రాత్రులు నిద్రపోసాగింది. ఎనిమిది వారాల తరువాత పాత ఆహారాలను ఒక్కొక్కటిగా, రెండేసి వారాలు తిరిగి పెట్టి చూశాము. పెరుగుకు ఏమీ కాలేదు. కోడికూరకు ఏమీ కాలేదు. గోధుమ రొట్టె పెట్టిన నాలుగవ రోజున మళ్లీ గోకుడు ప్రారంభమైంది. మానగానే తగ్గింది. అంతటితో సంగతి తేలిపోయింది.

మిగిలిన కొంచెం

కథ ఇక్కడితో సుఖాంతమైనదని చెప్పలేము. వానాకాలం రాగానే మోతీ పాదాలు నాకడం, ముఖం చాపకు రుద్దడం కనబడింది. ఇంటి దుమ్ములోని సూక్ష్మ కీటకాలు, బూజు, పుప్పొడి వంటివి పడని తత్త్వం కొన్ని కుక్కలకు పుట్టుకతో వస్తుంది. చాలావరకు ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య బయటపడుతుంది. దీనిని నయం చేయడమన్నది అరుదు, అదుపులో ఉంచడమే వైద్యం. బయట తిరిగి రాగానే పాదాలు కడిగి తుడుస్తాము. వారానికొక స్నానం. హెచ్చినప్పుడు డాక్టరు సలహాపై మందు. స్టెరాయిడ్లు త్వరగా పనిచేస్తాయి గాని దాహం, ఆకలి, మూత్రం హెచ్చుతాయి, దీర్ఘకాలం వాడితే ఇతర చిక్కులు వస్తాయి. 2013లో అమెరికాలో ఆమోదం పొందిన ఓక్లాసిటినిబ్ వంటి మందులు దురద సంకేతాన్నే అడ్డుకుంటాయి. ఏది ఎప్పుడు అన్నది వైద్యుడే చెప్పాలి.

పాఠకులకు కొన్ని హెచ్చరికలు. కిరోసిన్, ఇంజను ఆయిలు చర్మాన్ని కాల్చుతాయి, నాకితే ప్రాణానికే ముప్పు. మన ఇళ్లలోని నొప్పి మాత్రలు కుక్కలకు విషతుల్యం కావచ్చు. ఐవర్‌మెక్టిన్ సూదిమందు కోలీ వంటి కొన్ని జాతులకు ప్రమాదకరం. కుక్కల పురుగుమందులలో కొన్ని పిల్లులను చంపగలవు, ఇంట పిల్లి ఉంటే ముందుగా చెప్పండి. మన చర్మం వేరు, దాని చర్మం వేరు. మన సబ్బు దానికి తగదు.

బా సంగతి చెప్పి ముగిస్తాము. ఫలితం తేలిన నాడు వెళ్లి చెప్పాము: విషం మీ రొట్టెలో లేదు, గోధుమ దాని ఒంటికి పడదు, అంతే అని. ఆమె ఏమీ అనలేదు. మరునాటి సాయంత్రం తలుపు తట్టితే ఆమె చేతిలో గిన్నె, అందులో ఉడికించిన చిలగడదుంప. నేటికీ చివరి భాగం మోతీదే, రొట్టె బదులు దుంప.

మన ఉద్యోగాలలో బదిలీలు తప్పవు. ప్రతి బదిలీల కాలంలోనూ ఖాళీ అయిన క్వార్టర్ల ముందు ఒకటో రెండో కుక్కలు తలుపు వంక చూస్తూ కూర్చుని ఉండడం మనమందరమూ చూస్తున్నదే. వాటిలో చాలావాటికి చర్మం చెడి ఉంటుంది, అందుకే ఎవరూ దగ్గరకు రానివ్వరు. ఆ ఆటో ఆనాడు ఉధనా వైపే సాగి ఉంటే మోతీ కూడా అట్టి కుక్కలలో ఒకటై ఉండేది. మూగజీవిని ఇంటికి తెచ్చుకున్నవారు దాని దురదను కూడా తమదిగా ఎంచి, విడిచిపెట్టే ముందు ఒక్కసారి వైద్యునికి చూపవలసిందిగా తోటి ఉద్యోగ కుటుంబాలను వినయపూర్వకంగా కోరుతున్నాము.