బిడ్డ నడవడి – తల్లి సాక్ష్యము

సాక్ష్యము పలుకువారు చూచినది చూచినట్లు చెప్పవలయునని మనమందఱ మెఱుగుదుము. కన్నబిడ్డను గూర్చిన ప్రశ్నపత్రము చేతికి వచ్చినపుడు మాత్రము ఆ ధర్మమును మఱచుచున్నాము.

దేవరగట్టు సమీపమున, మా పొరుగింటి యిల్లాలు అట్టి పత్రమును దెచ్చి నాచేత చదివించుకొనెను. ఆమె కుమారునికి తొమ్మిదేండ్లు. చెప్పిన పనిని నడుమనే మఱచునా, కోపము నాపుకొనలేడా యని యడుగగా, ప్రతిదానికిని “ఎన్నడును లేదమ్మా” యనెను. తుదకు కన్నీరు నించి, “ఉన్నదన్నచో వానిని బడినుండి తీసివేయరు గదా?” యనెను.

అమ్మలారా, ఈ పత్రములు నేరము మోపుటకు గావు. సహాయమెక్కడ కావలయునో తెలియుటకే. లండను మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన పత్రమున 25 వాక్యములు గలవు. 2000లో అమెరికాలో వెలువడిన ‘బ్రీఫ్’ అనునది 86 ప్రశ్నలతో కార్యనిర్వహణశక్తిని, అనగా మనసు నిలుపుట, తొందర నణచుకొనుట, పనిని వరుసగా నెరవేర్చుట మున్నగువానిని విచారించును. ఈ రెండును గడచిన ఆఱు మాసముల నడవడినే యడుగును. కావున విజయదశమి రాత్రి బన్ని యుత్సవమున దివిటీలను, కఱ్ఱల పోరును జూచి నిదురలేక అల్లరిచేసిన బిడ్డను ఆ యొక్క రాత్రినిబట్టి తూచరాదు.

తల్లిమాటకును ఉపాధ్యాయుని మాటకును భేదమున్నచో నొకరు అబద్ధమాడిరని తలపవలదు. 1987లో అకెన్‌బాక్ మున్నగువారు 119 పరిశోధనలను పరిశీలించిరి. సంపూర్ణమైన పొందికను 1 అనుకొన్నచో, తల్లిదండ్రులవలె నొకే తావున బిడ్డను చూచువారి పొందిక 0.60; తల్లి, ఉపాధ్యాయుడు మున్నగు వేర్వేఱు తావులవారి పొందిక 0.28 మాత్రమే. ఇంట మేకలలో నొక్కటియు తప్పిపోనీయక కాచు బాలుడు, బడిలో తన పుస్తక మెక్కడ పెట్టెనో యెఱుగకపోవచ్చును.

మఱియొక సంగతి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల కుటుంబములనేకము మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోవును. ఆ బాలుడును మూడు మాసములు బడికి దూరమైనాడు. పాఠము మఱచుట మతిలోపమా, బడి తప్పుటయా? దానికి పత్రములో గడి లేదు. కావున ఆమె చెప్పగా ఆ సంగతిని ప్రక్కన వ్రాసితిని. పిమ్మట మొదటినుండి మరల చదివితిని. ఈసారి “అప్పుడప్పుడు” అనియు, రెండింట “తఱచుగా” అనియు నిబ్బరముగా పలికెను.

పత్రము తీర్పు గాదు. చూపు, వినికిడి, నిదుర పరీక్షించి, బిడ్డతో మాటలాడిన పిమ్మటనే వైద్యులు నిర్ణయింపవలయును. ఆ నిర్ణయమునకు తొలి వెలుగు తల్లి సత్యవచనమే. భయముచేత దాచిన లోపము బిడ్డతో పెరుగును. ప్రేమతో చెప్పినది చికిత్సకు దారిచూపును.