రెండవ హార్డు డిస్కు కంప్యూటరునకు కానరానప్పుడు

గ్రామ పంచాయతీ కార్యాలయమునందు నేడు బీరువాతో పాటు కంప్యూటరు కూడ ఒక దస్తరముల పెట్టెయే. జమాఖర్చుల వివరములు 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఇ-గ్రామస్వరాజ్ ద్వారా దూరమునందలి యంత్రములలో చేరుచున్నవి. కాని పాత ఇంటిపన్ను డిమాండు రిజిస్టర్ల ఛాయాచిత్రములు, గ్రామసభ తీర్మానముల ప్రతులు, మురుగుకాలువలు, సిమెంటు రోడ్ల పనుల ఫోటోలు, గ్రామ పటములు మొదలగునవి పెక్కుచోట్ల ఆ కంప్యూటరులో అమర్చిన రెండవ హార్డు డిస్కులోనే యుండును. ఒకనాటి ఉదయమున కంప్యూటరు యథాప్రకారము వెలుగును. తెరపై అన్నియు సరిగానే యుండును. ఆ రెండవ డిస్కు మాత్రము కానరాదు. అప్పుడు ఏమి చేయవలెను? ఏమి చేయరాదు? ఈ రెండు ప్రశ్నలలో రెండవదియే ముఖ్యమైనది.

మేము చూచిన ఒక పంచాయతీలో ఇట్లే జరిగినది. సహాయమునకు వచ్చిన యువకుడు కొంతసేపు ప్రయత్నించెను. ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయుదురా అని తెరపై ప్రశ్న కనిపించగా ఔనని నొక్కెను. డిస్కు వెంటనే ప్రత్యక్షమయ్యెను, అందరును సంతోషించిరి. తెరచి చూడగా లోపల ఏమియు లేదు. పదునొకండు సంవత్సరముల పన్ను రిజిస్టర్ల ప్రతులు పోయినవి. మూలపుస్తకములలో కొన్ని అప్పటికే చెదల పాలైనవి. తరువాత ఒక వృద్ధురాలు తన యింటికి పన్ను చెల్లించినట్లు ఋజువు కావలెనని వచ్చినప్పుడు కార్యదర్శి ఆమెకు ఏమియు చూపలేకపోయెను. ఆ యువకుని నిందించుట న్యాయము కాదు. ప్రశ్న అడిగినది యంత్రము. ఆ ప్రశ్నకు అర్థమేమో అతనికి ఎవరును చెప్పియుండలేదు.

హార్డు డిస్కు అనునది కొత్త వస్తువేమియు కాదు. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ మొదటిసారి దీనిని అమ్మకమునకు తెచ్చినది. రెండేసి అడుగుల వెడల్పు గల ఏబది పళ్లెములు, బీరువాలంత ఆకారము, టన్నుకు మించిన బరువు. ఇంత యుండియు అందులో పట్టినది సుమారు ఏబది లక్షల అక్షరములు మాత్రమే. నేటి డిస్కు అరచేతిలో ఇముడును. పళ్లెములు తిరుగునట్టి పాత తరహా డిస్కులు నేటికిని కలవు. తిరుగుడు భాగములు ఏమియు లేని ఎస్.ఎస్.డి. అను రకము కూడ విరివిగా వచ్చినది.

కంప్యూటరు ఒక డిస్కును రెండు మెట్లలో గుర్తించును. మొదట బయోస్ అను ప్రాథమిక వ్యవస్థ, తనకు ఏయే పరికరములు తగిలించబడియున్నవో చూచుకొనును. ఇది ఊరిలోనికి ఎవరు వచ్చిరో చూచు కావలివాని పని. అటుపిమ్మట విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ ఆ డిస్కులోని భాగములను చదివి, దానికి డి, ఇ వంటి ఒక అక్షరమును పేరుగా నిచ్చి మనకు చూపును. లోపము ఏ మెట్టుపై నున్నదో తేల్చుకొనినచో సగము పని యైనట్లే. దీనిని తేల్చకుండ కొత్త డిస్కు కొనుటకు తీర్మానము చేయుట, జ్వరమేమో తెలియక మందు కొనుట వంటిది.

తేల్చు విధానము కష్టమైనది కాదు. కంప్యూటరును మరల వెలిగించి, తయారీదారుని గుర్తు కనబడగనే ఎఫ్-2 గాని, డెలీట్ గాని (యంత్రమును బట్టి మీట మారును) పదేపదే నొక్కినచో బయోస్ తెర వచ్చును. అచట డిస్కుల జాబితా యుండును. రెండవ డిస్కు పేరు అందులో నున్నచో తీగెలు, విద్యుత్తు సామాన్యముగా సరిగా నున్నవనియు, చిక్కు విండోస్‌లో నున్నదనియు గ్రహింపవలెను. పేరు లేనిచో పెట్టె తెరచి చూడవలసియున్నది. బయోస్‌లో మరి ఏ అమరికను మార్చక బయటకు వచ్చుట మంచిది.

పెట్టె తెరచుటకు ముందు కంప్యూటరును ఆపి, గోడలోని ప్లగ్గును కూడ ఊడదీయవలెను. పెట్టె లోపలి రంగులేని ఇనుప భాగమును ఒకసారి చేతితో తాకినచో శరీరమునందలి స్థిర విద్యుత్తు పోవును. సాటా రకపు డిస్కుకు రెండు తీగెలు వచ్చును. సన్ననిది సమాచారము మోయునది. అందు ఏడు స్పర్శలు గలవు. వెడల్పైనది విద్యుత్తు నిచ్చునది. అందు పదునైదు స్పర్శలు గలవు. మన కార్యాలయములలో దుమ్ము, ఎండ, ఎలుకలు మూడును కలవు. పెట్టెను ఒక బల్లపై నుండి మరియొక బల్లపైకి జరిపినప్పుడు సన్నని తీగె వదులగుట మిక్కిలి సాధారణము. రెండు తీగెలను రెండు చివరలందును ఊడదీసి, తుడిచి, మరల గట్టిగా నొక్కవలెను. అప్పటికిని కానరానిచో సన్నని తీగెను మార్చి చూడవలెను. దాని వెల డిస్కు వెలలో చాల స్వల్పభాగము. తీగెను మదర్‌బోర్డుపై వేరొక రంధ్రమునకు తగిలించి చూచుటయు అవసరము. ఏలయన, కొన్ని బోర్డులపై ఎం.2 రకపు ఎస్.ఎస్.డి. అమర్చగనే సాటా రంధ్రములలో ఒకటి రెండు పనిచేయుట మానును. క్రొత్త ఎస్.ఎస్.డి. వేసిన దినము నుండియే పాత డిస్కు కానరాకున్నచో మొదట దీనినే అనుమానింపవలెను.

తిరుగు రకపు డిస్కు అయినచో, విద్యుత్తు నిచ్చిన పిమ్మట దానిపై వ్రేలు ఆనించిన సన్నని కంపనము తెలియును. కంపనము లేనిచో విద్యుత్తు అందుట లేదు, లేదా మోటారు చెడినది. టిక్కు టిక్కుమని ఒకే లయలో శబ్దము వచ్చుచున్నచో తత్‌క్షణమే ఆపివేయవలెను. అది లోపలి చదువు ముల్లు తన స్థానమును పట్టుకొనజాలకున్నదనుటకు గుర్తు. ఇంకను నడిపినకొలది పళ్లెములపై గీతలు పడును. లోపలి వ్రాతలు విలువైనవైనచో అట్టి డిస్కును సమాచారము వెలికితీయు నిపుణుల కొరకు అట్లే యుంచవలెను. ఇంటి చిట్కాలు దానికి పనికిరావు.

ఇక బయోస్‌లో పేరు కనబడి, విండోస్‌లో కనబడని సందర్భము. విండోస్ మీటతో పాటు ఎక్స్ నొక్కి, వచ్చిన జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ అను దానిని తెరవవలెను. క్రింది భాగమున డిస్కులన్నియు వరుసగా కనబడును. అచటి గుర్తులను ఓపికతో చదువవలెను. భాగము సరిగానే యుండి, దానికి అక్షరము మాత్రము లేకున్నచో, ఆ భాగముపై కుడి మీట నొక్కి అక్షరము నిచ్చు ఏర్పాటును ఎంచిన చాలును. లోపలి దస్తరములకు హాని లేదు. ఆఫ్‌లైన్ అని యున్నచో ఎడమవైపున డిస్కు పేరుపై కుడి మీట నొక్కి ఆన్‌లైన్ చేయవలెను. ఒక డిస్కునకు అచ్చుగ్రుద్దినట్టి ప్రతి చేసి రెంటిని ఒకే యంత్రములో పెట్టినప్పుడు, రెండింటి గుర్తింపు సంఖ్య ఒక్కటే యగుటచే విండోస్ ఒకదానిని ఇట్లు ప్రక్కన పెట్టును.

ప్రమాదమంతయు మరి రెండు మాటలలో నున్నది. ఒకటి ఇనీషియలైజ్, రెండవది ఫార్మాట్. క్రొత్తగా కొనిన డిస్కునకు ఈ రెండును చేయవలసినవే. అట్టి డిస్కు మొదట విండోస్‌లో అక్షరముతో కానరాకుండుట లోపము కాదు, సహజము. అది రెండు టెరాబైట్లకు మించినదైనచో జి.పి.టి. అను పద్ధతిని ఎంచవలెను, ఎం.బి.ఆర్. అను పాత పద్ధతిలో ఆ పైభాగము వాడుకకు రాదు. కాని నిన్నటి దనుక దస్తరములున్న డిస్కు విషయమున ఇవే ప్రశ్నలు వచ్చినచో, ఆ డిస్కు ఖాళీ అని భావింపరాదు. దాని విషయసూచికను యంత్రము చదువలేకున్నదని మాత్రమే అర్థము. ఇనీషియలైజ్ చేయుట ఆ సూచికను కొట్టివేసి క్రొత్తది వ్రాయుటయే. లినక్స్ వ్యవస్థలో వాడిన డిస్కును విండోస్ యంత్రమునకు తగిలించినను ఫార్మాట్ చేయుదురా అను ప్రశ్నయే వచ్చును. అప్పుడు డిస్కులో ఏ దోషమును లేదు, విండోస్‌కు ఆ లిపి రాదు, అంతియే. కావున క్యాన్సిల్ నొక్కుటయే సరియైన సమాధానము. అటుపై డిస్కును వేరొక కంప్యూటరులో చూచి, అచట తెరచుకొనినచో ముందుగా దస్తరములను మరియొక చోటికి ఎక్కించుకొని, పిదప మరమ్మతుల మాట ఆలోచింపవలెను. తప్పులు సవరించు చెక్‌డిస్క్ వంటి సాధనములను సైతము ప్రతి తీసిన తరువాతనే నడుపవలెను.

పొరబాటున ఫార్మాట్ అయినను వెంటనే ఆశ వదలనక్కరలేదు. త్వరిత పద్ధతిలో చేసినది తిరుగు రకపు డిస్కు అయినచో, పాత వ్రాతలు పైన క్రొత్త వ్రాత పడువరకు లోపలనే యుండును. ఆ క్షణమున కంప్యూటరును ఆపి డిస్కును వెలుపలకు తీయవలెను. ఎస్.ఎస్.డి.లో ఈ అవకాశము తక్కువ. అది ఖాళీ చేసిన చోట్లను తానే తుడిచివేయును.

యు.ఎస్.బి. ద్వారా వెలుపల తగిలించు డిస్కులకు వేరొక చిక్కు గలదు. రెండున్నర అంగుళముల చిన్న డిస్కు 5 వోల్టులతో నడచును; యు.ఎస్.బి. తీగెయే దానికి విద్యుత్తు నిచ్చును. మూడున్నర అంగుళముల పెద్ద డిస్కునకు 12 వోల్టులు కూడ కావలెను. దాని ప్రత్యేక అడాప్టరు లేనిదే తిరుగదు. చిన్న డిస్కు సైతము పెట్టె ముందువైపు రంధ్రములో కానరాక, వెనుకవైపు రంధ్రములో కనబడుట మేము పలుమారులు చూచితిమి.

డిస్కు మార్చితిమని బిల్లు వచ్చినప్పుడు పంచాయతీ సభ్యులు మరమ్మతుదారుని మూడు సంగతులు అడుగవలెను: పాత డిస్కు పేరు బయోస్‌లో కనబడినదా, తీగె మార్చి చూచితిరా, వేరొక కంప్యూటరులో పరీక్షించితిరా. పాత డిస్కును కార్యాలయమునకు తిరిగి ఇప్పించుకొనవలెను. అందు ప్రజల పేర్లు, ఇంటి సంఖ్యలు, సంతకములు గలవు. అది దుకాణములో విడువదగిన వస్తువు కాదు. దానిపై చీటీలో నున్న క్రమసంఖ్యను, క్రొత్తదాని క్రమసంఖ్యను స్టాకు రిజిస్టరులో తేదీతో సహా వ్రాయించి, పాతదానిని బీరువాలో పెట్టి తాళము వేయవలెను.